సైలెన్సర్ కోయిస్తే ట్రాక్టరుకు బలం రాదు

తొలకరి మబ్బు పట్టిందంటే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల శివార్లలోని వెల్డింగ్ దుకాణాలకు తీరిక ఉండదు. అరిగిన నాగలి కర్రులు, వంగిన కేజ్‌వీళ్లు, ఊడిన ట్రాలీ కొక్కేలతో పాటు వాటికి వచ్చే పని మరొకటి ఉంది. అది ట్రాక్టరు సైలెన్సర్ మార్పిడి. తుప్పుపట్టి చిల్లులు పడిన పొగ గొట్టాన్ని మార్పించుకునే రైతులు కొందరు. మంచిగా ఉన్న గొట్టాన్నే కోయించి, లోపలి జాలీ తీయించి, బండి చప్పుడు పక్క ఊరికి వినిపించాలని ముచ్చటపడే పడుచువాళ్లు మరికొందరు. మొదటివారిది నిజమైన అవసరం. రెండోవారిది నమ్మకం మాత్రమే. సైలెన్సర్ ఇంజనుకు ఊపిరాడకుండా చేస్తుందని, దాన్ని ఖాళీ చేస్తే కరిగెటలో బండి మరింత లాగుతుందని వారి నమ్మకం.

ఇందులో నిజమెంతో చూడాలంటే ముందు గొట్టం లోపల జరిగేది తెలియాలి. మూడు సిలిండర్ల ఇంజను నిమిషానికి 2000 చుట్లు తిరుగుతుంటే, సెకనుకు 50 సార్లు పొగ ఒత్తిడితో బయటికి దూకుతుంది. ఆ యాభై దెబ్బలే మనకు వినిపించే మోత. సైలెన్సర్‌లో చిల్లుల గొట్టం, అడ్డు పలకలు, ఖాళీ గదులు ఉంటాయి. పొగ వాటిలో వ్యాపించి, దారి మళ్లి, దూకుడు తగ్గి బయటపడుతుంది. పొగకు అక్కడ కొంత అడ్డు ఉన్నమాట నిజమే. అయితే కంపెనీవారు ఆ అడ్డును లెక్కలోకి తీసుకునే ఇంజనును రూపొందిస్తారు. డీజిల్ ఇంజను ఎంత బలం ఇస్తుందన్నది సిలిండరులోకి ఎంత డీజిల్ పోతున్నదనే దానిమీద ఆధారపడి ఉంటుంది. ఆ కొలత పంపు చేతిలో, గవర్నరు చేతిలో ఉంది. పొగ గొట్టం కోసినంత మాత్రాన పంపు తన కొలతను మించి ఒక్క చుక్క కూడా ఎక్కువ పోయదు.

పట్నంలో జీపులకు, థార్ బండ్లకు కొత్త రకం గొట్టాలు వేయించేవారిని చూసి ఈ మోజు పల్లెలకు పాకింది. పందెపు బండ్ల ఇంజన్లు ట్రాక్టరు ఇంజనుకు రెండు మూడింతల వేగంతో తిరుగుతాయి. గొట్టంతో పాటు ఇంధనం కొలతను కూడా వాటికి మారుస్తారు. అక్కడ కొద్దో గొప్పో లాభం కనిపించవచ్చు. మడిలో నెమ్మదిగా, నిలకడగా లాగవలసిన 40 హార్స్‌పవర్ ట్రాక్టరుకు ఆ లెక్క వర్తించదు. మోత పెరగగానే బలం పెరిగినట్టు చెవికి అనిపిస్తుంది, అంతే.

సైలెన్సర్ మారిస్తే నిజంగానే బండి కోలుకునే సందర్భం ఒకటుంది. ఏళ్ల తరబడి మసి పేరుకుని గొట్టం లోపల పూడుకుపోయినా, అడ్డు పలక ఊడి దారికి అడ్డం పడినా ఇంజను ఈడ్చుకుంటూ నడుస్తుంది, వేడెక్కుతుంది. అప్పుడు కొత్తది వేయవలసిందే. కానీ అంత మసి ఎందుకు పట్టిందో కూడా చూడాలి. నాజిల్ పాడై డీజిల్ సరిగా కాలకపోవడమో, ఇంజను ఆయిలు కాలుతుండడమో, ఎయిర్ క్లీనరు దుమ్ముతో మూసుకుపోవడమో సాధారణంగా కారణమవుతుంది. వరికోతల దుమ్ములో తిరిగిన బండికి ఎయిర్ క్లీనరు ఆయిలు మార్చకుండా సైలెన్సర్ మార్చడం దండగ ఖర్చు. నల్లపొగ బలానికి గుర్తు కాదు. అది కాలకుండా పోతున్న డీజిలు, రైతు జేబులోంచి పోతున్న డబ్బు.

మామిడి తోటల్లో అడ్డు గొట్టం

జగిత్యాల ప్రాంతంలో మరో రకం మార్పు అవసరం పడుతుంది. చల్‌గల్ మామిడి మార్కెట్టుకు కాయ పంపే తోటల్లో కొమ్మలు కిందికి వాలి ఉంటాయి. బానెట్టు మీద నిలువుగా లేచే పొగ గొట్టం దున్నేటప్పుడు కొమ్మలకు తగిలి, పూత రాలుతుంది, ఆకులు మాడతాయి, ఒక్కోసారి గొట్టమే వంగుతుంది. అందుకని పక్కకు, కిందికి తిప్పిన అడ్డు గొట్టం వేయించుకునేవారున్నారు. తోటల కోసమే అడ్డు సైలెన్సర్‌తో వచ్చే సన్న ట్రాక్టర్లు కూడా బజారులో ఉన్నాయి. అదే మోడలుకు కంపెనీ అడ్డు గొట్టం దొరుకుతుందేమో ముందుగా డీలరును అడగడం మంచిది. దొరికితే వెల్డింగ్ దుకాణం దాకా పోనక్కరలేదు.

అడ్డు గొట్టంతో చిక్కు ఏమంటే, నిప్పును నెత్తి మీది నుంచి దించి నడుము పక్కన పెట్టుకున్నట్టే. పొగ గొట్టానికి, డీజిల్ లైనుకు మధ్య 35 మిల్లీమీటర్ల ఎడం తప్పనిసరి అని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. అంటే సుమారు రెండు వేళ్ల వెడల్పు. చాలా దుకాణాల్లో ఈ కొలత ఎవరూ చూడరు. వైర్లు, బ్రేకు గొట్టాలు, డ్రైవరు కాలు కూడా దానికి దూరంగానే ఉండాలి. గొట్టం నోరు కూలివారి ముఖం ఎత్తున ఉండకూడదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. నిలువు గొట్టం ఆ పొగను తలల మీదుగా పంపించేది, అడ్డు గొట్టం కాయ కోసేవారి ముక్కులోకి పంపుతుంది. ఇక అదే బండితో కరిగెట కొట్టేవారు కిందికి దించిన గొట్టంలోకి బురద నీరు చేరుతుందన్న సంగతి మరవకూడదు.

గడ్డి మోపుల దగ్గర

బరువు లాగేటప్పుడు ఇంజను నుంచి వచ్చే పొగ వేడి 400 డిగ్రీలు దాటుతుంది. దానికన్నా ఎంతో తక్కువ వేడికే ఎండుగడ్డి అంటుకుంటుంది. సైలెన్సర్ లోపలి పలకలు మోత తగ్గించడంతో పాటు మసి నిప్పురవ్వలను కొంతవరకు ఆపుతాయి. జాలీ పీకేసిన గొట్టానికి ఆ కాపలా ఉండదు. కోరుట్ల వైపు మక్క, పసుపు చేలలో ఎండాకు మధ్య తిరిగే బండి అయినా, యాసంగి కోతల తర్వాత గడ్డి మోసే బండి అయినా ఇది ఆలోచించవలసిన విషయమే. రవ్వలను పట్టే జాలీ మూతను గొట్టం చివర బిగించుకోవచ్చు. పని ముగిశాక మేనిఫోల్డు మీద చిక్కుకున్న గడ్డిపరకలను, ఇంజను చల్లబడ్డాక దులపడానికి పైసా ఖర్చు లేదు.

మోత సంగతి సిరిసిల్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మరమగ్గాల షెడ్డులో ఏళ్ల తరబడి పనిచేసినవారితో గట్టిగా మాట్లాడవలసి రావడం అక్కడి ఇళ్లలో మామూలే. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలకు మించి ఉండరాదని, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ సమయం సగానికి తగ్గుతుందని వైద్య పరిశోధకుల లెక్క. 91 డెసిబెల్స్ దగ్గర రెండు గంటలే మిగులుతాయి. క్యాబిను లేని ట్రాక్టరు మీద, మంచి సైలెన్సర్ ఉన్నా, డ్రైవరు చెవి దగ్గర 90 దాటడం సాధారణం. అదీ తీసేస్తే చెప్పేదేముంది! ఇలా పోయిన వినికిడి తిరిగి రాదు. మొదట పోయేవి సన్నని శబ్దాలు, పిట్టల కూతలు, పసిపిల్లల మాటలు. పని దిగిన తర్వాత చెవిలో గుయ్యిమని మోగుతుంటే అదే మొదటి హెచ్చరిక. చెవిలో దూది పెడితే పెద్దగా ఉపయోగం లేదు. మందుల దుకాణంలో దొరికే చెవి బిరడాలు మేలు.

చట్టం కూడా ఊరుకోదు. వ్యవసాయ ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు వాహనానికి సైలెన్సర్ ఉండాలన్నది నిబంధన. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. శబ్ద కాలుష్యం కేసులో మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానాకు అవకాశం ఉంది, లైసెన్సుకూ మూడు నెలల ఎసరు. తయారీదారు నిర్ణయించిన రూపానికి భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. తెలంగాణలో పలు పట్టణాల్లో పోలీసులు మోటారు సైకిళ్ల నుంచి ఊడదీసిన మోత సైలెన్సర్లను రోడ్డు రోలరు కింద వేసి తొక్కించారు. పాడైనదాని స్థానంలో అదే రకం కొత్తది వేసుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుంచి కొత్త పొగ ప్రమాణాలు వచ్చాయి. అలాంటి బండ్ల పొగ గొట్టాన్ని బయటి దుకాణంలో ముట్టుకోనివ్వకపోవడమే మంచిది.

బిగించే పద్ధతి

పాత బండికి సైలెన్సర్ మార్చేటప్పుడు చెడేది ఎక్కువగా తొందరవల్లే. ఇంజను పూర్తిగా చల్లారాలి. తుప్పుపట్టిన నట్ల మీద ముందు రోజు రాత్రే డీజిలు గానీ తుప్పు వదిలించే నూనె గానీ పోసి ఉంచితే పొద్దున సులువుగా తిరుగుతాయి. సుత్తితో కొట్టి, పానాకు గొట్టం తొడిగి బలవంతం చేస్తే స్టడ్డు మేనిఫోల్డులోనే విరుగుతుంది. అప్పుడు మేనిఫోల్డు విప్పుకుని లేత్ షాపుకు పరుగెత్తాలి. వంద రూపాయల పని కాస్తా వేలకు పోతుంది, పైగా నాట్ల అదను తప్పుతుంది.

అతుకు ముఖాన్ని గీకి శుభ్రం చేసి, ప్రతిసారీ కొత్త ప్యాకింగే వేయాలి. కొత్త గొట్టం లోపలి వెడల్పు పాతదాని అంతే ఉండాలి. సన్నదైతే ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది. నట్లను ఒకదాన్నే చివరిదాకా బిగించకుండా ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించాలి. గొట్టం బరువంతా మేనిఫోల్డు మీద పడకుండా పట్టీ ఆసరా ఇవ్వాలి. లేకుంటే గతుకుల బాటలో ఊగి ఊగి అతుకు చీలుతుంది. బండి మీదనే వెల్డింగ్ చేయవలసి వస్తే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ ట్యాంకు వైపు రవ్వలు పోకుండా తడి గోనె అడ్డం పెట్టాలి. ఆ తర్వాత ఇంజను నడిపి, అతుకు చుట్టూ పొగ చిమ్ముతున్నదేమో, మసి గీత పడిందేమో చూడాలి. ఈ పరీక్ష ఆరుబయటే చేయాలి. మూసిన కొట్టంలో పొగ కారితే వాసన లేని విషవాయువు మనిషిని పడగొడుతుంది. ఒకరోజు పని అయ్యాక, ఇంజను చల్లబడ్డప్పుడు నట్లన్నీ మరోసారి బిగించాలి.

నిలువు గొట్టానికి వాన మూత తప్పదు. మూత లేని గొట్టంలోంచి దిగిన వాననీరు తెరిచి ఉన్న వాల్వు గుండా సిలిండరులోకి చేరుతుంది. నీరు అణగదు కాబట్టి సెల్ఫు కొట్టగానే కనెక్టింగ్ రాడ్డు వంగే ప్రమాదం ఉంది. పొగ తన్నితే తెరుచుకుని, ఇంజను ఆగగానే మూసుకునే రేకు మూత తక్కువ ధరకే దొరుకుతుంది. మన ఊళ్లలో చాలామంది ఇప్పటికీ రాత్రిపూట ఖాళీ డబ్బా బోర్లిస్తారు. అదీ పనికొచ్చేదే, పొద్దున్నే మరిచిపోయి సెల్ఫు కొడితే మాత్రం డబ్బా ఎగిరి వాకిలి ఊడ్చేవారి ముందు పడుతుంది.