పావురం రొమ్ము కండరం: జె.సి. జార్జ్ పరిశోధనలు

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి చేలల్లో జొన్న కంకి పాలు పోసుకునే వేళకు, నల్లని తల, గులాబీ రంగు వీపు గల గోరింకలు గుంపులు గుంపులుగా దిగడం మీలో చాలామంది చూసే ఉంటారు. మంచె మీద నిలబడి వడిసెల తిప్పినవారికి వాటిని పరిచయం చేయనక్కరలేదు. రైతు దృష్టిలో అవి కంకులు దోచే పిట్టలు. మిడతలను కూడా అవి బాగా తింటాయన్న మాట రైతు ముందు అంటే ఒప్పుకోడు, అది వేరే సంగతి.

ఈ గులాబీ గోరింక శాస్త్రీయనామం స్టర్నస్ రోసియస్. ఇప్పుడు పాస్టర్ రోసియస్ అని కూడా అంటున్నారు. ఇది మన దేశంలో గూడు కట్టదు. మధ్య ఆసియా గడ్డిమైదానాల్లో పిల్లలను పెంచి, శీతకాలం గడపడానికి ఇక్కడికి వచ్చి, ఏప్రిల్ నాటికి తిరిగి వెళ్లిపోతుంది. ఆదోని నుంచి దక్షిణ కజకిస్థాన్‌కు నేరుగా గీత గీసి కొలిచినా సుమారు 3,000 కిలోమీటర్లు. వంద గ్రాములు కూడా తూగని ఈ పక్షి అంత దూరం ఎగరడానికి కావలసిన ఇంధనం ఏది? దానిని ఎక్కడ దాచుకుంటుంది?

ఈ ప్రశ్నను మన దేశంలో ప్రయోగశాలకు తీసుకువెళ్లిన శాస్త్రవేత్త జె.సి. జార్జ్. 1949లో ఏర్పడిన బరోడా మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయంలో, జంతుశాస్త్ర విభాగంలో, 1950 దశకమంతా ఆయన, ఆయన విద్యార్థులు పక్షుల ఎగిరే కండరాలపై పనిచేశారు.

ఆనాటి పరిస్థితి కొంత తెలిస్తే గాని ఈ పని విలువ తెలియదు. కండరం గ్లైకోజెన్‌ను లాక్టిక్ ఆమ్లంగా మార్చే విధానంపై పరిశోధనకు మేయర్‌హోఫ్, కండరంలో పుట్టే ఉష్ణంపై పరిశోధనకు హిల్ 1922 నోబెల్ బహుమతిని పంచుకున్నారు. ఆ తరువాత చాలా కాలం, కండరానికి ఇంధనం అనగానే గ్లైకోజెన్ అనే చెప్పుకునేవారు. కొవ్వు నిల్వ పదార్థం మాత్రమే అన్న అభిప్రాయం బలంగా ఉండేది. అయితే 1951లో క్రో, వైస్-ఫోగ్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఎడారి మిడత దీర్ఘకాలం ఎగిరేటప్పుడు కొవ్వునే వాడుకుంటుందని చూపారు. మరి పక్షి సంగతి?

జార్జ్ పావురాన్ని ఎంచుకున్నారు. ఎగరడంలో రెక్కను కిందికి కొట్టేది పెక్టొరాలిస్ అనే పెద్ద రొమ్ము కండరం. పావురం శరీర బరువులో దాదాపు అయిదో వంతు ఇదే. జార్జ్, ఆర్.ఎం. నాయక్ కలిసి ఈ కండరాన్ని పలుచని ఛేదాలుగా కోసి, కణజాల రసాయన పద్ధతులలో రంజనం చేసి పరిశీలించారు. ఫలితాలు 1958లో ‘నేచర్’ పత్రికలో వెలువడ్డాయి. కండరంలో రెండు రకాల తంతువులు ఉన్నాయి. సన్నని ఎర్ర తంతువులలో కొవ్వు బిందువులు, మైటోకాండ్రియాలు కిక్కిరిసి ఉన్నాయి. లావుపాటి తెల్ల తంతువులలో గ్లైకోజెన్ నిల్వ ఉంది, మైటోకాండ్రియాలు తక్కువ. సంఖ్యలో ఎర్ర తంతువులే చాలా ఎక్కువ. కొవ్వును విడగొట్టే లైపేజ్ ఎంజైము కండరంలోనే పనిచేస్తున్నదని కూడా బరోడా బృందం చూపింది. అంటే కొవ్వు అక్కడ ఊరికే పేరుకున్నది కాదు, అక్కడే వాడుకోవడానికి సిద్ధంగా ఉన్నది.

దీనికి మీరు సూక్ష్మదర్శిని వెదకనక్కరలేదు. చికెన్ దుకాణంలో బ్రాయిలర్ కోడి రొమ్ము మాంసాన్ని, కాలి మాంసాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. రొమ్ము తెల్లగా, కాలు ముదురుగా ఉంటుంది. కుక్క తరిమితే కోడి ఒక్కసారి ఎగిరి గోడెక్కుతుంది, అంతటితో సరి. ఆ క్షణికమైన పనికి గ్లైకోజెన్ చాలు. రోజంతా నడిచేది కాళ్లే కాబట్టి అక్కడ ఆక్సిజన్‌ను పట్టి ఉంచే మయోగ్లోబిన్ ఎక్కువ. పావురం రొమ్ము మాత్రం ముదురు ఎరుపు.

ఇక లెక్క చూద్దాం. ఒక గ్రాము కొవ్వు నుంచి సుమారు 9 కిలోకేలరీలు వస్తాయి. గ్లైకోజెన్ నుంచి 4. పైగా ఒక గ్రాము గ్లైకోజెన్ తనతో పాటు దాదాపు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. మన గోరింక 10 గ్రాముల కొవ్వుతో మోసే శక్తిని గ్లైకోజెన్ రూపంలో మోయాలంటే, నీటితో కలిపి 90 గ్రాములు కావాలి. అది పక్షి సొంత బరువు కంటే ఎక్కువ! ఇంకొక లాభం కూడా ఉంది: కొవ్వు దహనమైనప్పుడు దాదాపు అంతే బరువు నీరు ఏర్పడుతుంది. వాయవ్య దిశగా ఎడారి ప్రాంతాలు దాటే పక్షికి అది చిన్న సహాయం కాదు.

జార్జ్ బృందం ఇదే గులాబీ గోరింకను కూడా పరిశోధనకు తీసుకుంది. వలసకు ముందు కొవ్వు చేరడం, రొమ్ము కండరంలో గ్లైకోజెన్, కొవ్వు రోజులోని వేర్వేరు వేళల్లో మారే తీరు వంటి అంశాలపై వ్యాసాలు వెలువరించింది. వాటిలో కొన్ని ‘పావో’లో వచ్చాయి. 1963లో బరోడా నుంచే మొదలైన ఈ పక్షిశాస్త్ర పత్రిక పేరు నెమలి ప్రజాతి నామం. నెమలి మన జాతీయ పక్షి అయిందీ ఆ సంవత్సరమే. మన పరిశోధనకు మన పత్రిక ఉండాలన్న ఆ పట్టుదల నాకు ఆయన ప్రయోగాలంత ముఖ్యమనిపిస్తుంది. 1966లో ఆండ్రూ బర్జర్‌తో కలిసి రాసిన ‘ఏవియన్ మయాలజీ’ పక్షి కండరాలపై ప్రామాణిక గ్రంథమైంది.

తరువాత జార్జ్ కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అక్కడ కెనడా బాతులు, పందెపు పావురాలు ఆయన ప్రయోగ పక్షులు. 1986లో బి.డబ్ల్యు.సి. రోసర్‌తో కలిసి అనేక జాతుల రొమ్ము కండరాలను పోల్చి చూశారు. టర్కీ వల్చర్ అనే అమెరికా రాబందులో మూడో రకం, అంటే నెమ్మదిగా సంకోచించే తంతువులు కనిపించాయి. రెక్క కొట్టకుండా గంటల తరబడి చాచి ఉంచి తేలియాడే పక్షికి అవి సరిపోతాయి.

అభ్యాసం: మీ ఊరిలో కనిపించే కాకి, పావురం, గద్ద, నాటుకోడి, నెమలి ఎగిరే తీరును వారం రోజులు గమనించి, ఏ పక్షి రొమ్ము కండరంలో ఏ రకం తంతువులు ఎక్కువగా ఉండవచ్చో కారణాలతో రాయండి. పక్షిని పట్టవద్దు, చంపవద్దు.