చేతివ్రాత యానిమేషన్

చేతివ్రాత యానిమేషన్ అనగా తెరపై అక్షరాలు ఒక్కసారిగా ప్రత్యక్షం కాకుండా, కనిపించని కలమేదో వ్రాస్తున్నట్లుగా క్రమక్రమంగా ఏర్పడేలా చేసే ప్రక్రియ. చలనచిత్రాల పేర్లలోను, ప్రకటనలలోను, పాఠాల వీడియోలలోను, వెబ్ పేజీలలోను, పిల్లలచే అక్షరాలు దిద్దించే సాఫ్టువేర్లలోను దీనిని వాడుతారు. చూడడానికి సులభంగా తోచినా ఇందులో ఒక మౌలికమైన చిక్కు ఉన్నది. సాధారణమైన కంప్యూటరు ఫాంటులో అక్షరం యొక్క ఆకారం మాత్రమే ఉంటుంది. ఆ అక్షరాన్ని ఎక్కడ మొదలుపెట్టి, ఏ వరుసలో, ఎక్కడ కలం ఎత్తి వ్రాయాలో అందులో ఉండదు. ఆ సమాచారాన్ని మనిషే సమకూర్చవలసి ఉంటుంది.

చరిత్ర

గీతలు వాటంతట అవే ఏర్పడుతున్నట్లు చూపడం కంప్యూటర్ల కంటే చాలా పాతది. అమెరికాలో జె. స్టూవర్ట్ బ్లాక్టన్ 1906లో తీసిన "హ్యూమరస్ ఫేజెస్ ఆఫ్ ఫన్నీ ఫేసెస్" అనే మూకీ చిత్రంలో నల్లబల్లపై సుద్దగీతలతో ముఖాలు వాటంతట అవే రూపొందుతాయి. ఫ్రాన్సుకు చెందిన ఎమీల్ కోల్ 1908లో సుమారు 700 బొమ్మలతో "ఫాంటస్మగోరీ" అనే చిత్రాన్ని నిర్మించాడు. తెల్ల కాగితంపై నల్లని గీతలతో గీసిన ఈ బొమ్మలను నెగటివ్‌గా ముద్రించడం వలన అవి నల్లబల్లపై సుద్దగీతల వలె కనిపిస్తాయి.

కెమెరాతో ఈ పని చేయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, గీతను కొంచెం వ్రాసి ఒక ఫ్రేము, మరికొంచెం వ్రాసి మరొక ఫ్రేము చిత్రీకరించడం. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 3 సెకన్ల దృశ్యానికి 72 ఫ్రేములు కావాలి. రెండవది, ముందుగా పదాన్ని పూర్తిగా వ్రాసి, చివరి నుండి కొంచెం కొంచెంగా చెరుపుతూ చిత్రీకరించి, దానిని వెనుక నుండి ముందుకు ప్రదర్శించడం. ఈ రెండవ మార్గంలో అక్షరాల పొందికను ముందే సరిచూసుకునే వీలు ఉన్నది.

1993లో వెలువడి, 1994లో అడోబి సంస్థ చేతికి వచ్చిన ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వంటి సాఫ్టువేర్లతో ఈ పని కంప్యూటరుపై చేయడం సులువయింది. 2001లో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం ఎస్‌వీజీ అనే గీతల చిత్రాల ప్రమాణాన్ని ఆమోదించిన తరువాత వెబ్ పేజీలలో కూడా దీనికి మార్గం ఏర్పడినది.

ఫాంటులో ఉండేది ఏమిటి?

ట్రూటైప్, ఓపెన్‌టైప్ ఫాంటులలో సాధారణంగా ప్రతి అక్షరమూ దాని అంచుల రూపంలో నిల్వ ఉంటుంది. ఆ అంచుల మధ్య భాగాన్ని కంప్యూటరు రంగుతో నింపుతుంది. తెలుగులోని సున్ననే తీసుకుంటే, చేయి దానిని ఒకే చుట్టుగా వ్రాస్తుంది. ఫాంటులో మాత్రం దానికి బయటి అంచు ఒకటి, లోపలి అంచు ఒకటి, మొత్తం రెండు వలయాలు ఉంటాయి. అందువలన ఫాంటులోని గీతలను ఉన్నవి ఉన్నట్లుగా కదిలిస్తే అక్షరం వ్రాసినట్లు కాక, దాని చుట్టూ గీత గీసినట్లు కనిపిస్తుంది.

దీనికి భిన్నమైన ఫాంటులు కూడా ఉన్నాయి. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన అలెన్ హెర్షీ 1967లో ప్రచురించిన అక్షరాలు అంచులతో కాక గీతలతోనే నిర్మింపబడ్డాయి. డొనాల్డ్ నూత్ 1970వ దశకం చివరలో రూపొందించిన మెటాఫాంట్‌లో అక్షరాన్ని కలం నడిచే దారిగా వర్ణించవచ్చు.

పద్ధతులు

చుక్కగీత పద్ధతి: ఎస్‌వీజీలో ఏ గీతనైనా తునకలు తునకలుగా చూపవచ్చు. ఒక గీత పొడవు 600 యూనిట్లు అనుకుంటే, తునక పొడవును 600గా, తునకల మధ్య ఖాళీని కూడా 600గా పెట్టి, మొదట గీత అంతా ఖాళీలో ఉండేలా 600 యూనిట్లు జరుపుతారు. ఆ జరుపుడును 600 నుండి 0కు తగ్గిస్తూ వస్తే గీత మొదటి నుండి చివరి వరకు సాగుతూ కనిపిస్తుంది. ఇది ఒకే మందం గల గీతలకు సరిపోతుంది.

ముసుగు పద్ధతి: సన్నని, లావు గీతలు కలసిన అక్షరాలకు దీనిని వాడుతారు. అక్షరం నడిమి గుండా కలం నడిచే దారిని గీసి, ఆ గీతను అక్షరమంతా కప్పేటంత లావు చేసి ముసుగుగా పెడతారు. ముసుగు గీత సాగినంత మేరకు క్రింది అక్షరం బయటపడుతుంది. గీతలు ఒకదానినొకటి దాటేచోట ప్రక్క గీత ముందుగానే బయటపడే ప్రమాదం ఉన్నది. అందుచేత అక్షరాన్ని భాగాలుగా విడదీసి ఒక్కొక్క భాగానికి వేరు ముసుగు ఇస్తారు.

నమోదు పద్ధతి: మనిషి డిజిటల్ పలకపై వ్రాస్తుండగా కలం ఉన్న చోటు, సమయం, ఒత్తిడి నమోదు చేసి తిరిగి ప్రదర్శిస్తారు. వ్రాత వరుస, వేగం రెండూ ఇందులో సహజంగానే లభిస్తాయి.

తెలుగు లిపిలో

తెలుగు యూనికోడ్‌లో అక్షరాలు నిల్వ ఉండే వరుస, చేయి వ్రాసే వరుస ఎల్లప్పుడూ ఒకటి కావు. "పిల్లి" అనే పదంలోని రెండవ అక్షరం ల, పొల్లు, ల, గుడి అనే నాలుగు సంకేతాలుగా నిల్వ ఉంటుంది. చేతితో వ్రాసేవారు సాధారణంగా ముందుగా "లి" వ్రాసి, ఆపై క్రింద వత్తు ఇస్తారు. అనగా సంకేతాలలో చివర ఉన్న గుడి వ్రాతలో వత్తు కంటే ముందు వస్తుంది. "కై" వంటి అక్షరాలలో ఒకే గుణింతపు గుర్తుకు ఒక భాగం పైన, మరొక భాగం క్రింద ఉంటాయి. "క"లోని తలకట్టు "కి" అయినప్పుడు తొలగి, దాని స్థానంలో గుడి వస్తుంది. కనుక సంకేతాల వరుసను అనుసరించి అక్షరాలను బయటపెడితే తెలుగు వ్రాత తప్పుగా కనిపిస్తుంది.

జపాను భాషలోని కంజీ అక్షరాలకు గీతల వరుసను పాఠశాలలలోనే నేర్పుతారు. ఆ వరుసను ఎస్‌వీజీ రూపంలో అందించే కంజీవీజీ అనే స్వేచ్ఛా సమాచార నిధి ఉన్నది. తెలుగులో తలకట్టు వంటివి వ్రాసే తీరు వ్రాసేవారిని బట్టి మారవచ్చు. ప్రకటనలో వరుస తప్పితే చూపుకు వింతగా ఉండడంతో సరిపోతుంది. అక్షరాభ్యాసపు పాఠంలో తప్పితే పిల్లవాడు ఆ తప్పునే దిద్దుకుంటాడు. అందుచేత అటువంటి పాఠాలకు ఉపాధ్యాయుడు వ్రాసి చూపిన వరుసను ఆధారంగా తీసుకోవడం మంచిది.

వేగం

చేయి ఒకే వేగంతో నడవదు. తిన్నని గీతలలో వేగంగాను, వంపులలో నెమ్మదిగాను సాగుతుంది. వంపుకూ వేగానికీ గల ఈ సంబంధాన్ని లాక్వానిటి, టెర్జువోలో, వివియాని అనే శాస్త్రవేత్తలు 1983లో ఒక గణిత సూత్రంగా వర్ణించారు. సున్నలు, వంపులు ఎక్కువగా గల తెలుగు అక్షరాలకు ఇది ముఖ్యమైనది. వేగాన్ని మార్చకపోయినా, కలం ఎత్తేచోట కొద్దిపాటి విరామం ఇవ్వకపోయినా వ్రాత యంత్రం గీసినట్లు కనిపిస్తుంది.

జాగ్రత్తలు

గీతలుగా మార్చిన పదం కంప్యూటరుకు బొమ్మ మాత్రమే. అంధులు వాడే స్క్రీన్ రీడర్లు దానిని చదవాలంటే అసలు పాఠాన్ని కూడా జతచేయాలి. వెబ్ పేజీలో దానంతట అదే మొదలై, ఇతర విషయాలతో పాటు 5 సెకన్లకు మించి సాగే కదలికను ఆపుకొనే వీలు చదువరికి ఉండాలని 2008 నాటి వెబ్ సౌలభ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. కదలికలు తగ్గించమని తన పరికరంలో కోరుకున్న చదువరికి పదాన్ని పూర్తిగా ఒకేసారి చూపడం ఉచితం.

ఇవి కూడా చూడండి

తెలుగు లిపి
యూనికోడ్
ఫాంటు
యానిమేషన్