సైకిళ్ళ వంటయిల్లు

సాలూరు పేరు చెప్పినంతనే ఉత్తరాంధ్రమున ఎవరికైనను లారీలు జ్ఞప్తికి వచ్చును. తూర్పు కనుమల పాదమున, వేగవతీ నది యొడ్డున ఉన్న ఈ పట్టణము మీదుగా విజయనగరమునుండి రాయపూరునకు పోవు జాతీయ రహదారి సాగుచున్నది. ఊరు దాటి కొంతదూరము పోయిన పిమ్మట ఆ దారి మలుపులు తిరుగుచు కొండ నెక్కి, ఒడిషా రాష్ట్రమునందలి కోరాపుట్ వైపునకు పోవును. బరువుతో కొండ నెక్కు బండికి మంచి ఇంజను కావలెను; దిగు బండికి మంచి బ్రేకు కావలెను. కావున ఈ యూర లారీల వ్యాపారముతో పాటు లారీలను బాగుచేయు విద్యయు వృద్ధిపొందినది.

ఈ విద్యను పుస్తకము చూచి నేర్చినవారు తక్కువ. కుర్రవాడు మేస్త్రీ దగ్గర చేరి మొదట పానలు అందించును. “పద్నాలుగు నంబరు పాన తేరా!” అని మేస్త్రీ బండి క్రిందినుండి కేక వేసినప్పుడు, పదమూడు గాక పద్నాలుగే తెచ్చుట అతని తొలి పాఠము. పిదప నట్లు విప్పును. చాల దినములకు గాని బిగించుటకు చేయి రాదు. విప్పుట కంటె బిగించుట కష్టమని ఆ పని తెలిసినవారందరును చెప్పుదురు. పదునాలుగేండ్లు నిండని పిల్లలను ఇట్టి పనులలో పెట్టుకొనుట నేడు చట్టవిరుద్ధము, అది మేలే. అయినను చేతినుండి చేతికి విద్య దిగివచ్చు ఆ పద్ధతి మాత్రము విడువదగినది కాదు.

ఇంత పెద్ద బండ్లను బాగుచేయు ఊరి సమీపమున సైకిలు గురించి ముచ్చటించుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని యోచింపుడు. లారీ చెడినచో దాని యజమానికి ఆ దినపు బాడుగ పోవును. మరునాటికి అతడు దానిని బాగు చేయించుకొనగలడు. సైకిలు చెడినచో ఒక బాలిక బడి మానివేయును. 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘బడికొస్తా’ అను పథకము క్రింద ప్రభుత్వోన్నత పాఠశాలల బాలికలకు సైకిళ్ళు పంచినది. ఉన్నత పాఠశాల తమ ఊర లేని పిల్లలకు సైకిలే బడికి దారి. పాచిపెంట, మక్కువ మండలములలో కొండల దిగువనున్న పల్లెలను తలచుకొనుడు. అట్టి పల్లెలో తెల్లవారుజామున టైరులో ముల్లు దిగిన సైకిలును బాగుచేయు అంగడి ఎక్కడ నుండును? పట్టణమున ఉండును. గాలిలేని సైకిలును నడిపించుకొని అంతదూరము పోవుటకు తీరిక గల తండ్రి దొరకువరకు అది గోడకు చేరగిలబడి యుండును. వారము గడచును, వానకు చైను త్రుప్పు పట్టును. అయిదు నిమిషముల పనికి ఒక చదువు ఆగిపోవును.

ఒకప్పుడు మన పట్టణములందు గంట కింత యని సైకిళ్ళు అద్దె కిచ్చు అంగళ్ళు వీధివీధిని ఉండెడివి. పిల్లలు అణా పైసలు కూడబెట్టి సైకిలు తెచ్చి, కడ్డీ క్రింద కాలు దూర్చి తొక్కుట నేర్చెడివారు. ఆ అంగళ్ళవారే పంక్చర్లు వేసెడివారు, ఓవరాయిలింగు చేసెడివారు. మోటారు సైకిళ్ళు పెరిగిన కొలది ఆ అంగళ్ళు తగ్గినవి. సైకిలు మిగిలినది, దానిని విప్పి బిగింపగల చేతులు తరిగినవి.

ఈ చిక్కునకు కొన్ని దేశములవారు ఒక చక్కని ఉపాయము కనిపెట్టిరి. సైకిలును బాగుచేసి యిచ్చు అంగడి గాక, సైకిలు గలవాడే వచ్చి తన చేతులతో బాగుచేసికొను కార్ఖానాను నెలకొల్పిరి. పనిముట్లు అందరివి, నేర్పువారు జీతము లేని స్వచ్ఛంద సేవకులు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పందొమ్మిదవ శతాబ్దమున రైలింజనులు తయారుచేసిన పాత కర్మాగార భవనమొకటి కలదు. 1981లో పౌరులు కొందరు దానిని కూల్చివేయనీయక నిలిపి, సంస్కృతి కేంద్రముగా మార్చిరి. దానినే ‘వుక్’ అందురు. అందులో ఎవరి సైకిలు వారు బాగుచేసికొను కార్ఖానాయు ఒకటి వెలసినది. ఫ్రాన్సు దేశమున గ్రెనోబుల్ నగరమందు ఇట్టి సంఘము 1994లో ఏర్పడినది. 2010 నాటికి ఆ దేశమందలి ఇట్టి కార్ఖానాలన్నియు కలిసి ఒక సమాఖ్యగా నేర్పడునంతటి బలము సంపాదించెను.

వీనిలో నాకు మిక్కిలి నచ్చిన పేరు అమెరికాలోని లాస్ ఏంజెల్స్ నగరపు కార్ఖానాది. 2002లో ఒక పాత నివాస భవనమున, ఎవరును వాడని వంటగదిలో కొందరు మిత్రులు చేరి ఇరుగుపొరుగువారికి సైకిలు మరమ్మతు నేర్పసాగిరి. అందుచే దానికి ‘సైకిళ్ళ వంటయిల్లు’ అని పేరు వచ్చినది. పెద్ద చోటికి మారిన పిమ్మటను ఆ పేరు పోలేదు. అచట పని నేర్పువారిని నేటికిని ‘వంటవారు’ అనియే పిలుతురు.

ఇట్టి కార్ఖానాలోనికి ప్రవేశించి చూతము. గోడకు వెడల్పైన పలక యొకటి బిగించియుండును. దానిపై పానలు, పటకారులు, చైను తెంపు మరలు వ్రేలాడుచుండును. చాలచోట్ల ప్రతి పనిముట్టు వెనుకను దాని ఆకారమే రంగుతో గీసియుందురు. పాన మరల తన చోటికి రానిచో ఆ ఖాళీ గీత అందరి కంట బడును. నేలపై ఇనుప స్టాండ్లుండును. సైకిలును వానికి తగిలించినచో చక్రములు గాలిలో తిరుగుచు, పనిచేయువాడు నడుము వంపకయే పనిచేయగలడు. ఒక మూల పనికిరాని సైకిళ్ళ గుట్ట యుండును. అది చెత్త కాదు, భాండాగారము. ఒకదాని పెడలు, వేరొకదాని బ్రేకు కట్టెలు, ఇంకొకదాని ఇరుసు అందుండి వచ్చి క్రొత్త జన్మ మెత్తును.

వచ్చినవాడు గంటకు కొంత సొమ్ము చందాగా నిచ్చును. ఇయ్యలేనివానిని త్రిప్పి పంపరు. అతడు ఊడ్చుటయో, పాత ట్యూబులను ఏరుటయో చేసి ఋణము తీర్చుకొనవచ్చును. బోస్టన్ నగరమున 1984లో స్థాపింపబడిన ఒక సంఘము పిల్లలకొక చక్కని ఏర్పాటు చేసినది. బాలుడు గాని బాలిక గాని పాత సైకిలు నొకదానిని పూర్తిగా విప్పి బాగుచేయుట నేర్చినచో, తాను బాగుచేసిన సైకిలును తానే ఇంటికి తీసికొనిపోవచ్చును.

ఈ చోట్ల ఒక నియమము కలదు. వ్రాసి తగిలించినను తగిలింపకున్నను అందరును దానిని పాటింతురు. నేర్పువాడు తన చేతులు వెనుకకు పెట్టుకొనవలెను. చక్కని పనివానికి ఇది పెద్ద శిక్ష. తాను రెండు నిమిషములలో చేయగల పనికి ఎదుటివాడు అరగంట సేపు తంటాలు పడుచుండగా చూచుచు ఊరకుండుట సామాన్యము కాదు. పాన లాగికొని తానే బిగించినచో సైకిలు బాగగును గాని, వచ్చినవాడు వచ్చినట్లే తిరిగిపోవును. మరల వారమునకు వచ్చును.

అచ్చట అందరును మొదట నేర్చునది పంక్చరు. మీరును నేర్వవలసినది అదియే. కావున కొంచెము వివరముగా చెప్పెదను. గాలితో నిండిన టైరును వాడుకలోనికి తెచ్చినవాడు బెల్ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్లప్. 1887లో తన కుమారుని మూడుచక్రముల బండి రాళ్ళపై ఎగిరిపడకుండుటకై ఆయన ఈ ఉపాయము పన్నెను. ఆనాటినుండి గాలి మనకు సుఖ మిచ్చుచున్నది. ముల్లు ఆ సుఖమును తీసికొనుచున్నది.

మొట్టమొదట అది పంక్చరు అవునో కాదో చూడవలెను. మన దేశమున వాడు సామాన్యపు సైకిళ్ళ గాలి మూతిలో సన్నని రబ్బరు గొట్టము తొడిగిన చిన్న లోహపు పుల్ల యుండును. రబ్బరు గొట్టమును వాల్వు ట్యూబు అందురు. పంపు కొట్టినప్పుడు గాలి పుల్ల ప్రక్కనున్న రంధ్రము గుండ వచ్చి రబ్బరును ఉబ్బించి లోనికి పోవును. పంపు ఆగగనే లోపలి గాలి ఆ రబ్బరునే అదిమి రంధ్రమును మూసివేయును. ఎంత చిన్న వస్తువు ఎంత గొప్ప కాపలా! ఆ రబ్బరు చివికినచో గాలి మెల్లగా జారిపోవును. మూతిపై కొంచెము తడి రాసి బుడగ వచ్చునేమో చూడుడు. వచ్చినచో క్రొత్త వాల్వు ట్యూబు తొడిగిన చాలును. పంక్చరని భ్రమపడి అంగడికి నడిపించుకొనిపోయిన సైకిళ్ళలో ఎన్నింటికి రోగ మిదియే!

బుడగ రానిచో టైరు విప్పక తప్పదు. అందుకు చక్రము నూడదీయ నక్కరలేదు. వాల్వు తీసి, మూతి నట్టు విప్పి, టైరు అంచును లివరుతో ఒక ప్రక్కనే రిమ్ము పైకి లేపవలెను. స్క్రూడ్రైవరు వాడరాదు, దాని మొన ట్యూబును చీల్చి, ఒక రంధ్రమునకు రెండు చేయును. ట్యూబును బయటికి లాగి, వాల్వు మరల బిగించి, గాలి కొట్టి, నీళ్ళ బేసినులో కొంచెము కొంచెముగా ముంచుచు పోవలెను. బుడగలు వచ్చు చోట పెన్సిలుతో గుర్తు పెట్టి, గాలి తీసి, తడి తుడిచి, గరుకు కాగితముతో రుద్దవలెను. తరువాత సొల్యూషను పలుచగా పూయవలెను.

ఇచ్చటనే చాలమంది తొందరపడుదురు. సొల్యూషను అనగా ఎగిరిపోవు ద్రవమున కరగించిన రబ్బరు. ఆ ద్రవము పూర్తిగా ఎగిరిపోయిన పిమ్మటనే రబ్బరునకు రబ్బరు గట్టిగా పట్టును. తడి యుండగనే అతుకు వేసినచో క్రింద ద్రవము చిక్కుకొని అతుకు జారిపోవును. వ్రేలు తాకించినప్పుడు తడి అంటకుండువరకు అయిదు నిమిషములు ఓపిక పట్టి, అప్పుడు అతుకు పెట్టి బలముగా అదుమవలెను. ట్యూబు లోనికి పోవుటకు ముందు టైరు లోపలి భాగమును వ్రేళ్ళతో చుట్టును తడిమి చూడవలెను. ముల్లు ఇంకను అచ్చటనే యుండును గదా! దానిని తీయని పనివాడు మూడు దినములలో మరల అదే ట్యూబును విప్పును.

ఈ విద్య మగపిల్లలదే అని కొందరి అభిప్రాయము. తమిళనాడునందలి పుదుక్కోట్టై జిల్లాలో 1991 ప్రాంతమున అక్షరాస్యతా ఉద్యమము సాగినప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ ప్రోత్సాహమున గ్రామీణ స్త్రీలు అసంఖ్యాకముగా సైకిలు తొక్కుట నేర్చిరి. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ ఆ సంగతిని లోకమునకు తెలిపెను. ఆడవారి సైకిళ్ళు చాలక వారు మగవారి సైకిళ్ళనే ఎక్కిరి. ముందు కడ్డీపై బిడ్డను కూర్చుండబెట్టుకొనుటకు అదియే మేలనిరి! పైన చెప్పిన కార్ఖానాలలోను అనేకచోట్ల వారమున కొక సాయంకాలము స్త్రీలకే కేటాయింతురు. పాన పట్టుటకు సిగ్గుపడువారికి ఆ యేర్పాటు మేలు చేయును.

పనివాని పొట్ట కొట్టినట్లు కాదా అని ఎవరైనను అడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. నా తలంపున, పంక్చరు తానే వేసికొనువాడు తన సైకిలును మూల పడనీయడు. మూల పడని సైకిలునకే రిమ్ము బెండు తీయుట, ఇరుసు మార్చుట వంటి పెద్ద పనులు పడును. వెనుక చక్రపు 40 స్పోకులను, ముందు చక్రపు 32 స్పోకులను సరిగా లాగి చక్రమును వంకర లేక త్రిప్పుట ఒక్కనాటిలో పట్టువడు విద్య కాదు. దానికి అంగడి మేస్త్రీయే దిక్కు.

మన దేశమునకును ఇట్టి ఆలోచన చేరినది. 2009లో ఆమ్‌స్టర్‌డామున మార్టిన్ పోస్ట్‌మా అను వనిత అన్ని వస్తువులకును ఇట్టి మరమ్మతు సభను ఆరంభించినది. 2015లో బెంగుళూరు పౌరులు కొందరు అట్టిదానినే నెలకొల్పిరి. పల్లెటూరి పాఠశాలకు పెద్ద భవన మక్కరలేదు. ఒక పంపు, రెండు లివర్లు, నాలుగు పానలు, గరుకు కాగితము, సొల్యూషను, పాత ట్యూబు ముక్కలు, చైనుకు నూనె, నీళ్ళకు బేసిను. ఇవన్నియు ఒక చెక్క పెట్టెలో పట్టును. నేర్పుటకు సాలూరు షెడ్డులనుండి నెలకొక ఆదివారము ఒక మేస్త్రీ వచ్చిన చాలును. లారీ ఇంజను విప్పినవానికి సైకిలొక లెక్కయా?

అట్లు నేర్వ వచ్చినవారికి తప్పక ఎదురగు తమాషా యొకటి కలదు. కుడి పెడలు అన్ని మరలవలెనే ఎడమకు త్రిప్పిన ఊడును. ఎడమ పెడలు మాత్రము కుడికి త్రిప్పిననే ఊడును. తొక్కునప్పుడు ఇరుసుపై పడు ఒత్తిడి చుట్టును తిరుగుచు మరను కొంచెము కొంచెముగా కదలించును. ఆ కదలిక పెడలును ఊడదీయక బిగించునట్లు ఎడమవైపు మరను తలక్రిందులుగా కోసిరి. క్రొత్తవాడు పానపై బరువంతయు వేసి, ముఖ మెఱ్ఱబడ ఆ పెడలును ఇంకను బిగించుచుండును. నేర్పువాడు చేతులు వెనుకకు పెట్టుకొని చూచుచుండును. కొంతసేపటికి క్రొత్తవాడు పాన ఆపి, కుడి పెడలు వైపు ఒకమారు చూచి, మరల ఎడమ వైపునకు వచ్చి, ఎదురుగా త్రిప్పి చూచును.