చీరకు 9,000 ఊపులు

పోచంపల్లి చీర మీది బొమ్మ మగ్గం మీద పుట్టేది కాదు. పేక దారాన్ని ఆసు పోసి, చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట బిగించి కట్టి, రంగు అద్దేటప్పుడే పుడుతుంది. ఆసు అంటే ఒక కొసన ఒంటి మేకు, దాదాపు మీటరు అవతల అర్ధచంద్రాకారంలో మేకుల వరస ఉన్న చట్రం. దారం ఇక్కడి నుంచి అక్కడికి పోయి, మేకు చుట్టి, మళ్లీ వెనక్కి రావాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఊగుతుంది. రోజుకు రెండు చీరలైతే 18,000. ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చేసే పని. ఉమ్మడి నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది లక్ష్మి ఆసు పోసి పోసి, రెక్కలు పీకి, ఇక నా వల్ల కాదనే దాకా వచ్చారు. ఆరో తరగతితో బడి మానేసిన ఆమె కొడుకు మల్లేశం 1992లో ఆసు పోసే యంత్రం పని మొదలుపెట్టారు.

ఆ నొప్పి భుజానికే ఎందుకు? చెయ్యెత్తే కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే టెండన్ అక్కడ ఒక ఇరుకు సందులోంచి పోతుంది. ఎముకకు అతికే చోట దానికి అందే రక్తమూ తక్కువే. అందుకే అరిగినంత తొందరగా మానదు. టెండన్‌లోని కొల్లాజెన్ పోగులు అలలు అలలుగా ఉంటాయి. లాగితే మొదటి 2 శాతం సాగుడులో ఆ అలలు సర్దుకుంటాయి, ఆపైన బిగుసుకుంటాయి. చదరపు మిల్లీమీటరుకు 5 నుంచి 10 కిలోల బరువు ఆపగల అల్లిక అది. తెగితే కుట్టొచ్చు గానీ పాత అల్లిక తిరిగి రాదు.

కొత్త కణాలు ఆనుకుని పెరగడానికి ప్రయోగశాలల్లో పరంజాలు కడుతున్నది ఇందుకే. వాటి ముడిసరుకుల్లో పట్టు ఒకటి! 2002లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పట్టుపోగులను తాడులా పేని, మోకాలి లోపలి బంధనానికి దీటైన బలం సాధించినట్లు ప్రకటించారు. ముందుగా పట్టు మీది జిగురు, అంటే సెరిసిన్, తీసేయాలి. అది ఒంటికి పడదు. పట్టు ఉడికించి జిగురు వదిలించడం మన నేతగాళ్లకు కొత్తేం కాదు. బలం అసలు చిక్కు కాదు, పట్టుపోగు టెండన్ కన్నా గట్టిది. పరంజా మరీ బిర్రుగా ఉంటే లాగుడంతా తనే మోస్తుంది. లాగుడు తగలని కణాలు కొల్లాజెన్‌ను వరసగా పేర్చవు. మెత్తగా ఉంటే గాయం మానకముందే తెగుతుంది. పైగా కొత్త కణజాలం బలపడే కొద్దీ పరంజా కరుగుతూ పోవాలి.

మల్లేశానికి ఈ లెక్కలతో పనిలేదు. భుజం అరగకుండా చూడటమే ఆయన పని. విడిభాగాలు ఒక్కొక్కటే చేసుకుంటూ వచ్చినా, ఒక కదలిక దగ్గర యంత్రం ఆగిపోయింది. బతుకుదెరువుకు హైదరాబాద్ వచ్చి కరెంటు పనులు చేస్తుండగా, బాలానగర్‌లో ఒక కార్ఖానా యంత్రంలో సరిగ్గా అలాంటి కదలికే కంటబడింది. 1999లో ఆసు యంత్రం తిరిగింది. చేతితో నాలుగైదు గంటలు పట్టే ఆసు గంటన్నరకు దిగింది. తల్లి పేరుతో అది లక్ష్మీ ఆసు యంత్రమైంది. పేటెంటు 2011లో, పద్మశ్రీ 2017లో వచ్చాయి.

యంత్రం చేసేది ఆసు ఒక్కటే. చిటికి కట్టడం, అద్దకం, నేత ఇప్పటికీ చేతుల మీదే నడుస్తున్నాయి.