రెండు చక్రములపై బరువు

గోదావరి ధవళేశ్వరము దాటిన పిమ్మట పాయలుగా చీలి సముద్రమును చేరును. వానిలో గౌతమీ వసిష్ఠ పాయల నడుమనున్న పచ్చని సీమయే కోనసీమ. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో క్రమముగా కాలువలు అల్లుకొనినవి. కాలువ యున్నచోట గట్టుండును. గట్టున్నచోట బాట యుండును. ఆ బాట యిరుకైనది. ఒక ప్రక్క నిండుకాలువ, మఱొక ప్రక్క పల్లపు చేను లేక కొబ్బరితోట. ఎడ్లబండి తిరుగలేని అట్టి బాటపై సైకిలు సుళువుగా సాగిపోవును.

ఈ సీమలో అంబాజీపేట కొబ్బరి వర్తకమునకును, రావులపాలెము అరటి వర్తకమునకును పేరొందినవి. తోటలో దింపిన కాయ గాని, కోసిన గెల గాని మొదట రహదారిని చేరవలెను గదా! నేడు మోటారు బండ్లు హెచ్చినను, సైకిలుకు ఇరువైపుల గెలలు వ్రేలగట్టుకొని గట్టుపై పోవువారు ఇప్పటికిని కానవత్తురు. పీచు వలువని కొబ్బరికాయ ఒక్కొక్కటి కిలోకు పైగా తూగుట కలదు. నలువది కాయలు కట్టినచో ఒక మనిషి బరువులో సగమునకు మించిన బరువు రెండు సన్నని చక్రముల మీదికి ఎక్కును. అది ఒరిగినచో కాయలు కాలువపాలగును. తొక్కువాని నాటి కూలి నీటిలో కలియును. ఒక్కొక్కప్పుడు కాలో చేయో విఱుగును. కావున సైకిలుపై బరువు కట్టుట చిన్నపనివలె కనిపించినను, అందు తెలిసికొనదగిన శాస్త్రము కలదు.

కావడి మోయువానిని గమనించినచో ఆ శాస్త్రము కొంత బోధపడును. రెండు కుండలును సమముగ నిండియున్నపుడు అతడు బద్ద నడిమి భాగమును భుజముపై ఉంచుకొనును. ఒక కుండ బరువైనచో బద్దను జరిపి, ఆ కుండను భుజమునకు దగ్గఱగా తెచ్చుకొనును. బరువును, భుజమునుండి దానికి గల దూరమును గుణింపగా వచ్చు లబ్ధము ఇరువైపుల సమానమైనపుడే కావడి నిలుచును. సైకిలునకును సూత్రమిదియే. ఎడమవైపున చక్రమునకు 25 సెంటీమీటర్ల దూరమున 12 కిలోలు వ్రేలాడుచుండగా, కుడివైపున 30 సెంటీమీటర్ల దూరమున 10 కిలోలున్నచో చాలును. రెండు లబ్ధములును 300 అగును. ఒకేవైపున బరువు కట్టిన సైకిలు ఆ వైపునకే ఒరుగజూచును. తొక్కువాడు దారిపొడవునను రెండవవైపునకు వంగి దానితో పెనుగులాడవలసివచ్చును.

రెండవ విషయము ముందువెనుకలకు సంబంధించినది. బరువు వెనుక చక్రపు ఇరుసునకు మీదుగా గాని, కొంచెము ముందుగా గాని ఉన్నంతవఱకు భయము లేదు. ఇరుసు దాటి వెనుకకు పోయిన బరువు, ముందు చక్రమును పైకెత్తజూచును. సైకిలు నిలకడకు ముందు చక్రమే ఆధారము. సైకిలు ఎటు ఒరుగునో హ్యాండిలును అటే ఇంచుక త్రిప్పి, తొక్కువాడు చక్రములను మరల తన క్రిందికి తెచ్చుకొనుచుండును. అలవాటైన వానికి ఈ పని తెలియకయే జరిగిపోవును. ముందు చక్రము నేలను గట్టిగా పట్టనిచో ఆ నేర్పు ఫలింపదు.

మూడవది ఎత్తు. ఎత్తుగా కట్టిన మూట ఇంచుక ఒరిగినను, దానిని నిలువబెట్టుటకు చేతులు మిక్కిలి శ్రమపడవలెను. సైకిలు దిగి నడిపించునపుడు ఈ భేదము బాగుగా తెలియును. నాలుగవది కదలిక. ఊగెడి గెల సైకిలును తనతో ఊపును. కావున బరువు సమముగను, ఇరుసు దాటకుండను, క్రిందుగను, కదలకుండను ఉండవలెను.

ఈ నాలుగు నియమములను పాటించు చట్రమును ఇంటియొద్దనే చేసికొనవచ్చును. గట్టి క్యారియరుపై అడ్డముగా, 60 సెంటీమీటర్ల పొడవుగల రెండు సరుగుడు కఱ్ఱలను జానెడు ఎడముతో కట్టవలెను. ముందరి కఱ్ఱ, తొక్కువాని తొడకు తగులనంత వెనుకగా ఉండవలెను. పిదప ఈ కఱ్ఱల కొనలను కలుపుచు, ఇరుప్రక్కలను సైకిలు పొడవు వెంబడి ఒక్కొక్క వెదురుకఱ్ఱను కట్టవలెను. గెలలను వ్రేలగట్టునది వీనికే. అవి పెడలు త్రొక్కు మడమకు తగులరాదు.

ఇంతతో చట్రము నిలువదు. నాలుగు కఱ్ఱలతో కట్టిన చదరము ప్రక్కకు నెట్టినచో మూలలయొద్ద వంకరపోవును. మూడు కఱ్ఱల త్రిభుజము అట్లు వంకరపోదు. కఱ్ఱ విఱిగిననో, కట్టు ఊడిననో తప్ప దాని రూపు మాఱదు. కావున ప్రతి వెదురుకఱ్ఱ రెండు కొనలనుండియు, ఇరుసుదగ్గఱ నున్న క్యారియరు కాలి అడుగువఱకు ఏటవాలుగా ఊతకఱ్ఱలు కట్టవలెను. వానివలన బరువు ఇరుసుపైకి దిగును. ఆ ఊతకఱ్ఱలకు అడ్డముగా రెండు మూడు సన్నని బద్దలు బిగించినచో కాయలు చక్రపు చువ్వలలో చొరబడవు.

కట్టు కట్టుచోట పాత ట్యూబు ముక్కలు చుట్టినచో కఱ్ఱ జాఱదు. కొబ్బరితాడు తడిసి ఆఱినపుడు సడలుట కలదు. కావున బయలుదేఱుటకు ముందు ప్రతి ముడిని చేతితో లాగి చూడవలెను. మొదట ఖాళీ చట్రమును ఊపి చూచి, పిదప కొద్దిబరువుతో నడిపించి, ఆ తరువాతనే తొక్కవలెను. బరువు హెచ్చినకొలది సైకిలు ఆగుటకు పట్టు దూరమును హెచ్చును. గట్టు దిగు వాలులో దిగి నడిచిపోవుటయే మేలు.

ఇట్టి చట్రములు కోనసీమకే పరిమితములు కావు. సముద్రపు అలలపై పలక నెక్కి జారు సర్ఫింగు అను క్రీడ హవాయి దీవులలో వర్ధిల్లి లోకమంతట వ్యాపించినది. విశాఖపట్నము దగ్గఱనున్న ఋషికొండ తీరమునను దానిని ఆడుదురు. మనిషికంటె పొడవైన ఆ పలకను తీరమునకు కొనిపోవుటకు కొందఱు సైకిలు ప్రక్కన రెండు కొక్కెములు అమర్చుకొందురు. ఒకటి సీటు కాడకు, రెండవది క్యారియరునకు బిగింతురు. గీతలు పడకుండ వానికి మెత్తని గుడ్డయో రబ్బరో చుట్టుదురు. పలకను అంచు మీదికి వచ్చునట్లు నిలిపి సైకిలునకు ఆనించి కట్టుదురు. పలక తేలికయే గాని వెడల్పైనది. ప్రక్కగాలి వీచినపుడు తెరచాపవలె సైకిలును త్రోయును. కొబ్బరాకుల మోపు కట్టుకొని గట్టుపై పోవువానికిని ఇట్టి యిబ్బందియే కలుగును. అచట బరువుకంటె గాలియే శత్రువు.

1954లో వియత్నాం దేశమున డియన్ బియన్ ఫూ యుద్ధము జరిగినపుడు, ఆ దేశపు జనులు కొండదారులలో సైకిళ్లపై బియ్యమును, మందుగుండును చేరవేసిరి. హ్యాండిలునకు వెదురుకఱ్ఱ కట్టి పొడిగించి, సీటు వెనుక మఱొక కఱ్ఱ నిలిపి, వానిని పట్టుకొని ప్రక్కన నడచుచు సైకిలును త్రోసిరి. ఒక్కొక్క సైకిలుపై 200 కిలోలకు మించిన బరువును సాగించిరి. అంత బరువుతో వారు సైకిలెక్కి తొక్కలేదని గుర్తింపవలెను.

సైకిలు బలముచేత గాక సమత్వముచేత బరువు మోయును. దానిని ఎఱిగినవానికి నాలుగు కఱ్ఱలును, కొంత తాడును చాలును. ఎఱుగనివానికి ఇనుప చట్రమున్నను చాలదు. ఇరుకు గట్టుపై ఎదురుగా మఱొకడు వచ్చుచున్నపుడు, కోనసీమలో గెలలు కట్టుకొని పోవు అనుభవశాలి సైకిలు దిగి, కాలువకు దూరముగా నిలిచి, అతనికి దారి యిచ్చును. బరువు కట్టుట నేర్చినవాడు దిగవలసిన చోటును నేర్చియుండును.