రాణి రహస్యము

గద్వాల సీమలో బీచుపల్లి యొద్ద కృష్ణను దాఁటువారు ఏటియొడ్డునున్న ఆంజనేయునకు చేయెత్తి మ్రొక్కుదురు. ఐరోపాలోని చెక్కుదేశపు పల్లెలలో వంతెనకడ నిలిచియుండువాఁడు కాథలిక్కుల పునీతుఁడు, నెపొముకు యోహాను.

ఈయన ప్రాగు నగరపు గురువు. 1393లో నాలుగవ వెన్సెస్లాసు రాజు ఈయనను వ్లటావా నదిలోఁ ద్రోయించెను. రాణి చేసికొన్న పాపసంకీర్తనమును తనకుఁ జెప్పుమని రాజడుగఁగా గురువు పెదవి విప్పలేదని జనుల కథ. ఒక మఠాధిపతి నియామకమునఁ బుట్టిన కలహమే కారణమని చరిత్రకారులందురు. మాకును అదియే నిజమని తోఁచును. కాని శిల్పులు చెక్కినది కథనే.

1683లో ప్రాగు వంతెనపై కంచుప్రతిమ వెలసెను. 1729లో పోపు ఈయనను పునీతుఁడని ప్రకటించిన పిమ్మట పల్లెలలో రాతిబొమ్మలు మిక్కిలిగా లేచినవి. ఇవి బరోకు రీతివి. అనఁగా రాయియు కదలుచున్నట్లుండవలెను. మెడ ప్రక్కకు వంచి, గాలి కెగయు మడతల యంగీతో, శిలువను పసిబిడ్డనువలె హత్తుకొని నిలుచును. తలచుట్టు నైదు చుక్కలు. అవి శవము మునిఁగినచోట నీటిపై వెలిఁగినవఁట. కొన్ని బొమ్మలకు పెదవిపై వ్రేలుండును. వరదనుండి కాపాడుమని పల్లీయులు వేడుకొందురు. 2009 అక్టోబరు వరదను జూచిన మన కృష్ణాతీరపు స్త్రీలకు ఆ వేడుకోలు తెలియనిది కాదు.

రాణి యేమి చెప్పుకొన్నదో కథయు చెప్పదు.