టికెట్ చౌకే.. మరి సామాను సంగతి?

ఆత్మకూరు నుంచి ఉమ్రాకో, గల్ఫ్‌లో పనికో వెళ్లేవాళ్లు చాలామంది కర్నూలు మీదుగా శంషాబాద్ చేరి విమానం ఎక్కుతారు. ఏజెంటు చెప్పిన టికెట్ రేటు ఒక్కటే చూసుకుని బయలుదేరితే కౌంటర్ దగ్గర జేబు ఖాళీ కావచ్చు. నచ్చిన సీటుకు, భోజనానికి, ఎక్కువైన సామానుకు చాలా విమాన సంస్థలు విడివిడిగా వసూలు చేస్తున్నాయి.

దీనికి కళ్లెం వేసే ప్రయత్నం జరగలేదని కాదు. దేశీయ విమానాల్లో 15 కిలోలు దాటితే, 20 కిలోల వరకు కిలోకు 100 రూపాయలకు మించి తీసుకోరాదని 2016లో డీజీసీఏ ఆదేశించింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2017లో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2018లో ఇండిగో వెబ్ చెకిన్‌లో అన్ని సీట్లకూ రేటు పెట్టినప్పుడు జనం మండిపడ్డారు.

సీటు ఎక్కడైనా సర్దుకోవచ్చు. జమ్‌జమ్ నీళ్ల దగ్గర మాత్రం ఎవరూ సర్దుకోరు. 2019 జూలైలో, హజ్ సీజన్‌లో, విమానాలు చిన్నవని చెప్పి ఎయిర్ ఇండియా జెద్దా-హైదరాబాద్ సర్వీసులో జమ్‌జమ్ క్యాన్లు వద్దంది. నిరసనలు రావడంతో కొద్ది రోజులకే క్షమాపణ చెప్పి అనుమతించింది. ఆ పవిత్ర జలం యాత్రికులకు మామూలు లగేజీ కాదు మరి!

అందుకే టికెట్ కొనకముందే ఏజెంటును అడగాలి: వెళ్లేటప్పుడు ఎన్ని కిలోలు, వచ్చేటప్పుడు ఎన్ని? బ్యాగులు ఎన్ని? జమ్‌జమ్ క్యాన్ ఆ లెక్కలోనేనా, విడిగానా? ఎక్కువ కిలోలు కావాలంటే ముందే కొనడం మేలు, కౌంటర్‌లో సాధారణంగా రేటు ఎక్కువ. ఖర్జూరాలు కట్టిన పెట్టెను రూములోనే తూకం వేసుకోవాలి.